470 విమానాలు ఆర్డరిచ్చిన ఎయిర్ ఇండియాలో ఇంకా పాత సీట్లే ఎందుకు?

మీరు అడిగినవి మూడు విషయాలు. అన్ని వందల విమానాలకు ఆర్డరిచ్చి ఏళ్లు గడుస్తున్నా, అమ్మానాన్నలు అమెరికా వెళ్లేటప్పుడు వెనక్కి వాలని సీటు, పనిచేయని స్క్రీన్ ఉన్న విమానమే ఎందుకు తగులుతోంది? 2006 ప్రాంతంలో కూడా ఇలాగే వందకు పైగా విమానాలు కొని అప్పుల్లో కూరుకుపోయారు కదా, ఈసారి తేడా ఏమిటి? హైదరాబాద్ నుంచి నేరుగా అమెరికాకు విమానం మళ్లీ వస్తుందా?

నేను చాలా ఏళ్లు విమానాల మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో, ఆ తర్వాత లీజు విమానాల అప్పగింతల్లో పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి ఒక మాట ముందే చెబుతాను. ఆర్డర్ మీద సంతకం పెట్టిన రోజుకీ, ఆ విమానం గేటు దగ్గర నిలబడే రోజుకీ మధ్య చాలా ఏళ్లు పడుతుంది. కష్టాల్లో ఉన్న ఎయిర్‌లైన్ కోలుకున్నా, మునిగినా ఆ మధ్యకాలంలోనే. పేపర్లో హెడ్‌లైన్ వచ్చేది సంతకం రోజున కాబట్టి జనం దృష్టి అంతా దాని మీదే ఉంటుంది.

ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. మిగతా రెండింటికీ మూలం అక్కడే ఉంది.

2004 మొదట్లో ఎయిర్ ఇండియా వేసుకున్న ప్లాన్ 28 విమానాలకే. ప్రభుత్వం మళ్లీ చూడమన్నాక అది 68కి పెరిగింది. 2005 డిసెంబరులో బోయింగ్‌తో ఒప్పందం కుదిరింది. అందులో 777-200ఎల్‌ఆర్‌లు 8, 777-300ఈఆర్‌లు 15, 787-8లు 27, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కోసం 737-800లు 18. కొద్ది వారాలకే, ప్రధానంగా దేశీయ రూట్లు నడిపే మరో ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా ఎయిర్‌బస్ దగ్గర 43 కొనడానికి సంతకం పెట్టింది. మొత్తం 111. ఆ తర్వాత, 2007లో, రెండు సంస్థల్నీ కలిపేశారు. అంటే ఎవరి లెక్కలు వాళ్లు వేసుకుని ఎవరికి కావలసినవి వాళ్లు కొనుక్కున్నాక ఒకే కంపెనీ అయ్యారు. ముందే కలిసి, ఏ రూటుకు ఏ విమానం సరిపోతుందో కూర్చుని తేల్చుకుని ఉంటే 111 కొనే పరిస్థితి వచ్చేది కాదని నా నమ్మకం. కాగ్ 2011 నివేదికలో ఈ కొనుగోలును చాలా గట్టిగా తప్పుపట్టింది.

కొన్నదంతా దాదాపు అప్పుతోనే. అప్పు డాలర్లలో, టికెట్ల ఆదాయంలో పెద్ద భాగం రూపాయల్లో. 2006లో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది, 2013లో 60 దాటింది. అంటే ఒక్క కొత్త విమానం చేర్చకపోయినా బాకీ పెరుగుతూ పోయింది. దానికి తోడు 777లు ఇంచుమించు అనుకున్న టైముకే 2007 నుంచి వచ్చేశాయి. అవి వచ్చేసరికి 2008 వేసవిలో చమురు ధర పీపాకు 140 డాలర్లు దాటింది, వెంటనే ప్రపంచమంతా మాంద్యం. ఇంధనం ఆదా చేసే 787లేమో 2008లో రావలసినవి 2012 సెప్టెంబరు దాకా రాలేదు. వాటిని ఎవరు నడపాలన్న గొడవతో ఆ ఏడాదే పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. విమానాలు వచ్చాయి, సమ్మె ముగిసింది అనుకుంటుంటే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు 2013 జనవరిలో బ్యాటరీ సమస్యతో ప్రపంచవ్యాప్తంగా 787లన్నిటినీ నేల మీదే ఆపేశారు.

ఇందులో ఒక్క విమానం కథ కాస్త వివరంగా చెప్పాలి. 777-200ఎల్‌ఆర్. ఎంత దూరమైనా ఆగకుండా వెళ్లగల విమానం. ఎయిర్ ఇండియా అందులో వేసింది 238 సీట్లు. ఖాళీ విమానం బరువే ఉజ్జాయింపుగా 145 టన్నులు. 787-8 ఖాళీ బరువు దాదాపు 120 టన్నులు, సీట్లు 256. అంటే తక్కువ మందిని ఎక్కించుకుని, పాతిక టన్నుల బరువు అదనంగా మోస్తూ ఎగురుతోందన్నమాట. ఆ బరువుకు ప్రతి గంటా ఇంధనం కాలుతుంది. మరీ దూరాలకు, మంచి టికెట్ ధర దొరికే రూట్లో తప్ప దానికి గిట్టుబాటు లేదు. అందుకే ఎనిమిదిలో ఐదింటిని అబుదాబి ఎయిర్‌లైన్ ఎతిహాద్‌కు అమ్మేశారు. ధర తక్కువకు ఇచ్చారని కాగ్ ఆక్షేపించింది. మిగిలినవి మూడు.

ఇప్పుడు 2022 చివరికి రండి. టాటాల చేతికొచ్చిన ఎయిర్ ఇండియా అదే మోడల్ విమానాలను, అవీ ఐదే, లీజుకు తీసుకుంది. కోవిడ్ సమయంలో అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా పక్కనపెట్టిన విమానాలవి. ఒకప్పుడు ఎయిర్ ఇండియా బోయింగ్‌లకు అమెరికా ఎగుమతులకు సాయపడే ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు అప్పు గ్యారంటీ ఇవ్వడం వల్ల తమకు నష్టమంటూ కోర్టుకెక్కింది కూడా ఈ డెల్టాయే. అమ్మినవాళ్లే అదే రకాన్ని మళ్లీ లీజుకు తెచ్చుకోవడం చూసి చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. అమ్మినప్పుడు సంస్థకు అప్పు తగ్గాలి, 787లు చేతికి వస్తున్నాయి. లీజుకు తీసుకున్నప్పుడు అమెరికా రూట్లలో గిరాకీ ఉంది, కొత్త విమానం ఏదీ వెంటనే దొరకదు. మధ్యకాలాన్ని దాటించడానికి కొన్నేళ్ల లీజు సరైన పనే. ధర సంగతి వేరు, నిర్ణయం సంగతి వేరు. రెండింటినీ ఒకటిగా కలిపేసి తిట్టడం వల్ల ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఎవరికీ అర్థం కాకుండా పోతుంది.

ఈసారి తేడా ఏమిటన్నదానికి మొదటి జవాబు అప్పు. 2021 ఆగస్టు చివరికి ఎయిర్ ఇండియా అప్పు 61,562 కోట్లు. టాటాలు 18,000 కోట్లకు కొన్నారంటే అందులో 15,300 కోట్లు అప్పు నెత్తిన వేసుకోవడం, ప్రభుత్వానికి నగదుగా ఇచ్చింది 2,700 కోట్లు. మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వ హోల్డింగ్ కంపెనీకి బదిలీ అయ్యాయి. ఆ బాకీ మాయమైపోలేదు, పన్నులు కట్టే మనందరి మీదికి వచ్చింది. కానీ ఎయిర్‌లైన్ మాత్రం 2022 జనవరి 27న ఊపిరి పీల్చుకోగల స్థితిలో చేతులు మారింది. 2006లో ఆ వెసులుబాటు లేదు.

రెండో జవాబు క్రమం. ఈసారి కంపెనీల్ని కలిపే ప్లానూ, విమానాల ఆర్డరూ ఒకే చేతిలో ఉన్నాయి. టాటాల దగ్గర ఎయిర్ ఇండియా, విస్తారా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఎయిర్ ఏషియా ఇండియా నాలుగూ ఉండేవి. 2024లో వాటిని రెండు చేశారు. చౌక టికెట్లకు ఎక్స్‌ప్రెస్, మిగతావన్నీ ఎయిర్ ఇండియా. 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన 470లో ఎయిర్‌బస్‌వి చిన్నవైన ఏ320 కుటుంబం 210, పెద్దవైన ఏ350లు 40; బోయింగ్‌వి చిన్నవైన 737 మాక్స్‌లు 190, పెద్దవైన 787-9లు 20, 777ఎక్స్‌లు 10. 2024 డిసెంబరులో ఎయిర్‌బస్ దగ్గర ఇంకో 100 కలిపారు. చిన్న విమానాల విషయంలో ఈ లెక్క నాకు నచ్చింది. పాత ఏ319లూ, పాత ఏ321లూ తప్పుకుంటే పైలట్‌కు, ఇంజినీరుకు, స్టోర్ రూమ్‌లో విడిభాగాలకు అన్నిటికీ పని తేలికవుతుంది.

పెద్ద విమానాల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఏ350, 787, వాటి పైన పది 777ఎక్స్‌లు. పది విమానాల కోసం వేరే ఇంజిన్, వేరే స్పేర్ల స్టాక్, వేరే పనిముట్లు, వాటికి ట్రైనింగ్ పొందిన మనుషులు. 50 విమానాలుంటే ఈ ఖర్చు విమానానికి ఇంత అని పంచుకుంటుంది, పదే ఉంటే పది నెత్తిన పడుతుంది. ఒక ఇంజిన్ పాడై మార్చాలంటే స్పేర్ ఇంజిన్ మన దగ్గరే ఉండాలి, పది విమానాల ఫ్లీట్‌లో అది చాలా ఖరీదైన ఇన్సూరెన్స్. పైగా 777ఎక్స్ రావడం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. నా చేతిలో ఉంటే ఆ పది ఏ350లకే మార్చేవాణ్ణి.

ఇక మీ మొదటి ప్రశ్న, సీట్లు.

టాటాలు తీసుకునే నాటికి విడిభాగాలకు డబ్బు లేక కొన్ని విమానాలు నేలకే పరిమితమై ఉన్నాయి. డబ్బు లేని చోట ఏం జరుగుతుందో మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. సాయంత్రం వెళ్లాల్సిన విమానంలో ఒక వాల్వ్ పాడైంది, స్టోర్‌లో లేదు. పక్కన ఆగి ఉన్న విమానంలోంచి విప్పుతారు. విప్పినదానికి ట్యాగ్, పెట్టినదానికి ట్యాగ్, రెండు విమానాల రికార్డుల్లోనూ ఎంట్రీలు, రెండింటి మీదా టెస్టులు. ఒక పని మూడు పనులవుతుంది. దీన్ని రాబరీ అంటాం. వారం తిరిగేసరికి పక్కన ఆగి ఉన్న విమానం ఎగరడానికి ఒకటి కాదు, పాతిక పార్టులు కావాలి. అలా ఆగిపోయినవాటిని తిరిగి లేపడానికే కొత్త యాజమాన్యానికి చాలా నెలలు పట్టింది. బయటికి కనపడని పని కాబట్టి దానికి పేరు రాలేదు, నా దృష్టిలో వాళ్లు మొదట చేసిన మంచి పని అదే.

2022 డిసెంబరులో పాత పెద్ద విమానాల లోపలి భాగమంతా మార్చడానికి 40 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రకటించారు. తర్వాత అందులో ఏ320నియోలు కూడా చేరి మొత్తం 67 అయ్యాయి. 27 ఏ320నియోలు, 27 787-8లు, 13 777-300ఈఆర్‌లు. చిన్న విమానాల పని 2024 సెప్టెంబరులో మొదలైంది. 787-8లలో మొదటిది మాత్రం 2025 జులైకి గానీ కాలిఫోర్నియాలోని బోయింగ్ కేంద్రానికి వెళ్లలేదు. 777ల వంతు ఇంకా వెనక్కి జరిగింది.

సోఫా మార్చినట్టు సీటు మార్చేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. విమానం సీటుకు ముందుకు విసిరే దిశలో భూమ్యాకర్షణకు 16 రెట్ల ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. మనిషి సైజు బొమ్మను కూర్చోబెట్టి, తల ముందు సీటుకు కొట్టుకుంటే ఎంత దెబ్బ తగులుతుందో కొలుస్తారు. లోపలి ఫోమ్, పైన బట్ట, అతికించిన జిగురు అన్నీ నిప్పు పరీక్ష దాటాలి. బిజినెస్ క్లాస్‌లో తలుపున్న సూట్ అయితే, ప్రమాదంలో ఆ తలుపు ఇరుక్కుపోదని నిరూపించాలి. సీటును కొద్దిగా ముందుకో వెనక్కో జరిపినా కొన్ని లెక్కలు మళ్లీ మొదటికొస్తాయి. ప్రపంచంలో ఇలాంటి సీట్లు చేసే కంపెనీలు కొన్నే. కోవిడ్‌లో వాళ్లు మనుషుల్ని తీసేశారు, ఆ తర్వాత అన్ని ఎయిర్‌లైన్లూ ఒకేసారి వాళ్ల తలుపు తట్టాయి. పాత సీటు బాగుచేద్దామంటే ఆ మోడల్ తయారీయే ఆగిపోయి ఉంటుంది. వెనక్కి వాలే మెకానిజంలో చిన్న ముక్క విరిగితే, అది దొరికేదాకా ఆ సీటు అలాగే నిటారుగా ఉండిపోతుంది. మీ నాన్నగారికి దొరికిన సీటు అలాంటిదే అయ్యుంటుంది.

ఇంకొకటి ఉంది, విమానం విప్పినప్పుడు గానీ తెలియదు. పాత విమానంలో కార్పెట్ ఎత్తి, గ్యాలీలూ (భోజనం సిద్ధం చేసే చోట్లు) టాయిలెట్లూ బయటికి తీశాక కింద ఫ్లోర్ బీములు చూస్తే తుప్పు కనపడుతుంది. ఏళ్ల తరబడి ఒలికిన టీ, జ్యూస్, కారిన నీళ్లు అక్కడే చేరతాయి. సీట్లు బిగించే పట్టాల్లాంటి ట్రాకుల మీద ఉప్పులాంటి తెల్లటి పొడి పట్టి ఉంటుంది, గోరుతో గీకితే లోపల లోహం గుంటలు పడి ఉంటుంది. అది చూశాక సీట్ల షెడ్యూల్ పక్కనపెట్టి ముందు ఆ ట్రాకు మార్చాలి. నెల అనుకున్న పని రెండు నెలలు అవడానికి సాధారణంగా కారణం సీట్లు కాదు, కార్పెట్ కింద బయటపడ్డ ఈ తుప్పే.

ఆ 27 787-8లలో ఒకటి 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలి 260 మంది ప్రాణాలు పోయాయి. ఆ విషాదాన్ని సీట్ల చర్చలో కలపడం నాకు ఇష్టం లేదు. మీ భయం పోవడానికి ఒక్కటి మాత్రం చెబుతాను. స్క్రీన్ పనిచేయకపోవడానికీ ఇంజిన్ భద్రతకూ సంబంధం లేదు. ఏయే పరికరాలు పనిచేయకపోయినా, ఏ షరతులతో ఎగరొచ్చో చెప్పే జాబితా వేరుగా ఉంటుంది, భద్రతకు అవసరమైనది ఆ జాబితా ఒప్పుకోకుండా పాడైతే నిబంధనల ప్రకారం విమానం కదలకూడదు. సినిమా స్క్రీన్ భద్రతకు అవసరమైన పరికరం కాదు.

రెండు మూడు 787లు ఎప్పుడూ పనికోసం బయట ఉంటే, నడపడానికి ఆ రెండు మూడు విమానాలు తక్కువైనట్టే. దానికి తోడు 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ భారత ఎయిర్‌లైన్లకు తన గగనతలాన్ని మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అమెరికా వెళ్లే కొన్ని సర్వీసులు దారిలో వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. ఈ మూసివేత ఏడాది పాటు సాగితే దాదాపు 60 కోట్ల డాలర్ల భారమని ఎయిర్ ఇండియానే లెక్కేసింది. డబ్బు కన్నా ముందు పోయేది విమానం టైము. ఒక్కో ట్రిప్పు పొడవైతే అదే విమానం వారంలో చేసే ట్రిప్పులు తగ్గుతాయి. ఈ రెండు కారణాలే చెప్పి 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు ఆపేశారు.

మధ్యకాలం గురించి చెప్పాను కదా, దాన్ని దాటించడానికి ఏమేం చేశారో చూస్తే పనితనం తెలుస్తుంది. రష్యా మీద ఆంక్షల వల్ల అక్కడి ఎయిర్‌లైన్ ఏరోఫ్లోట్ తీసుకోలేకపోయిన ఆరు ఏ350-900లను పట్టుకున్నారు. మొదటిది 2023 డిసెంబరులోనే ఢిల్లీలో దిగింది. ఆర్డరిచ్చిన పది నెలల్లో ఏ350 రావడం మామూలుగా జరిగే పని కాదు. చైనా ఎయిర్‌లైన్ల కోసం తయారై ఆగిపోయిన 737 మాక్స్‌లను ఎక్స్‌ప్రెస్‌కు తెచ్చారు. డెల్టావిలాంటి వాడిన విమానాలు లీజుకు తీసుకునేటప్పుడు లోహం కన్నా కాగితం ఎక్కువ చూస్తాం. ఇంజిన్‌లో తిరిగే ఒక్కో డిస్కుకు పుట్టినప్పటి నుంచి ఏ విమానంలో ఎన్నిసార్లు ఎగిరిందో రికార్డు ఉండాలి. ఒక్క ఏడాది కాగితం దొరక్కపోతే బంగారంలాంటి డిస్కు కూడా పనికిరాదు. అన్ని పరీక్షల మధ్య ఇంత త్వరగా విమానాలు తేగలిగారంటే లోపల పని తెలిసినవాళ్లు ఉన్నారని అర్థం.

ఒక బలహీనత మాత్రం ఉంది. పాత ఎయిర్ ఇండియా మెయింటెనెన్స్ విభాగం ఏఐఈఎస్ఎల్ అమ్మకంలో భాగం కాలేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. శంషాబాద్‌లోనూ దాని హ్యాంగర్ ఉంది. ఇన్ని వందల విమానాలు ఎగరబోతుంటే సొంత మెయింటెనెన్స్ లేకుండా కుదరదు, అందుకే బెంగళూరులో కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. మనుషులు తయారవడానికి హ్యాంగర్ కట్టడం కన్నా ఎక్కువ కాలం పడుతుంది. హైదరాబాద్‌లో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ చదువుతున్న పిల్లలు ఎవరైనా ఇది చూస్తుంటే, ధైర్యంగా లైసెన్స్ పరీక్షలు పూర్తిచేయండి, పని దొరుకుతుంది.

ఇక హైదరాబాద్–అమెరికా. 2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి షికాగోకు ఎయిర్ ఇండియా నేరుగా విమానం నడిపింది. అప్పటికి మిగిలిన మూడు 777-200ఎల్‌ఆర్‌లలో ఒకదానితో, వారానికి ఒక్కసారి. ఎక్కువ కాలం సాగలేదు, సాగదు కూడా. దూరం 13 వేల కిలోమీటర్ల పైమాటే. వెళ్లడానికి పదహారు గంటలనుకుందాం, రావడానికి అంతకు కాస్త తక్కువ. రెండు చోట్లా ఆగి శుభ్రం చేసి ఇంధనం నింపుకునే టైము కలిపితే ఒక రౌండు ఒకటిన్నర రోజు. రోజూ నడపాలంటే రెండు విమానాలు పూర్తిగా దానికే కేటాయించాలి, పాడైతే మూడోది అందుబాటులో ఉండాలి. వారానికి ఒక్కసారి నడిపితే ఆఫీసు పని మీద వెళ్లేవాడు ఎక్కడు, ఎందుకంటే వాడికి తిరుగు ప్రయాణం కుదరదు. అప్పుడు ముందు క్యాబిన్, అంటే బిజినెస్ క్లాస్, ఖాళీగా పోతుంది, అంత దూరం వెళ్లే విమానానికి లాభం వచ్చేదే ముందు క్యాబిన్‌లో.

మన దగ్గర ప్రయాణికులు లేరని కాదు. అమెరికాలో చదివేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు ఎంతమందో మీకు తెలుసు. కానీ వాళ్లు అమెరికాలో ఒక్క ఊళ్లో లేరు. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా, అట్లాంటా అన్నిచోట్లా ఉన్నారు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే వీటిలో చాలావాటికి ఒక్క స్టాప్‌తో చేరొచ్చు. ఢిల్లీకి అలాంటి బలం రావాలంటే ముందు ఢిల్లీ నుంచి అన్ని ఊళ్లకూ విమానాలుండాలి. అందుకే కొత్తగా వచ్చే పెద్ద విమానాలు మొదట ఢిల్లీకే వెళ్తాయి, తర్వాత ముంబై, బెంగళూరు. ఏ350-1000లు తగినన్ని వచ్చి, పాత 787లు సీట్లు మార్చుకుని తిరిగొచ్చాక గానీ హైదరాబాద్ వంతు రాదని నా అంచనా.

అంతవరకు అమ్మానాన్నల కోసం ఇలా చేయండి. టికెట్ కొనేటప్పుడు విమానం ఏ రకమో తప్పకుండా చూడండి. ఏ350 గానీ, 787-9 గానీ ఉంటే నిశ్చింతగా తీసుకోండి. 2024 నవంబరులో ఢిల్లీ–న్యూయార్క్‌లో ఏ350 నడపడం మొదలుపెట్టారు, ఆ దారి కుదిరితే మంచిది. 777 అనో 787-8 అనో ఉంటే సీట్లు మార్చుకుని వచ్చిందా లేదా కస్టమర్ కేర్‌ను అడగండి. ఆఖరి నిమిషంలో విమానం మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కొనేటప్పుడే కాదు, బయల్దేరే ముందు రోజు కూడా ఒకసారి చూసుకోండి. హైదరాబాద్–ఢిల్లీ, ఢిల్లీ–అమెరికా రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి, మొదటిది ఆలస్యమైతే రెండోదాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే అవుతుంది. ఢిల్లీలో మధ్యలో మూడు గంటలకు తక్కువ పెట్టకండి. పెద్దవాళ్లు నడవగలిగినా వీల్‌చెయిర్ ముందే బుక్ చేయండి, ఇమిగ్రేషన్ క్యూలో దారి చూపించే మనిషి తోడుంటాడు.